వెనక్కి పోయే బంతి

క్యోటో,
2007 అక్టోబర్ 9

చెల్లి ఫుజినోకి,

ఎండలు తగ్గాయి. పచ్చళ్ళ కొట్టువాళ్ళు ముల్లంగి తొట్లు కడిగి వీధిలో బోర్లించారు, అంటే చలికాలం వచ్చేసినట్టే. నువ్వు పంపిన బేరిపండ్లు అందాయి. ఈసారి కొట్టువాళ్ళ పెట్టెలోనే వచ్చాయేం? ఏటా నువ్వే ఒక్కో పండూ వార్తాపత్రికలో చుట్టి పంపేదానివి, నేను పండ్లు తిని పత్రికలు చదువుకునేదాన్ని. బద్ధకం వచ్చిందా నీకు?

సరే, అసలు సంగతి. మా ఇంట్లోకి ఒక యంత్రం వచ్చింది. తెల్లగా, లావుపాటి పుస్తకమంత ఉంటుంది. టీవీకి తగిలించి, రిమోట్ లాంటిది చేతిలో పట్టుకొని చెయ్యి ఊపితే టీవీలో బంతి దొర్లుతుంది, చెక్కబొమ్మలు పడతాయి. బౌలింగ్ ఆటట. ఏమీ నేర్చుకోనక్కర్లేదట. జన్మలో ఆట ముఖం చూడనివాళ్ళు కూడా మొదటి రోజే ఆడేస్తారని మా అబ్బాయి కోజీ తెగ చెబుతున్నాడు. బజారు సంఘం లాటరీలో కోడలికి తగిలిందట. నేను నమ్మలేదు. ఈ ఇంట్లో అడుగుపెట్టిన నాటి నుంచి ఆ లాటరీ డబ్బా పిడి తిప్పుతున్నాను, కాగితం రుమాళ్ళు తప్ప ఇంకేమీ రాలేదు. సత్సుకి ఒక్కసారి తిప్పగానే యంత్రం ఊడిపడిందా?

ఎందుకు అనుమానమో చెబుతాను, నవ్వకు. పోయిన నెల చేపల కొట్టు ఒగురి గారు కాలం చేశారు. నేనే వెళ్ళి ధూపం వేసి వచ్చాను. తరవాత ఓ సాయంత్రం నేను మా స్నానశాలలో, వచ్చేవాళ్ళ దగ్గర డబ్బులు తీసుకునే ఎత్తు గల్లా మీద కూర్చొని ఉండగా, తెర తొలగించుకొని ఆయనే లోపలికి వచ్చాడు. అదే బట్టతల, అదే కాలు ఈడ్చే నడక. నా నోట్లోంచి అలవాటు మాట జారిపోయింది: "ఏం ఒగురి గారూ, ఇవాళ ఇంత ఆలస్యం?" అటు మగవాళ్ళ వైపూ ఇటు ఆడవాళ్ళ వైపూ ఒక్క చెంబు చప్పుడు లేదు. తీరా చూస్తే ఆయన తమ్ముడట, కొట్టు చూసుకోవడానికి ఒసాకా నుంచి వచ్చాడట. అచ్చు గుద్దినట్టుంటే తప్పు నాదా?

ఆ వారమే కోజీ నా ఎదురుగా చతికిలబడి, "అమ్మా, కొత్త సంవత్సరం దాకా చూద్దాం. ఆ తరవాత గల్లా మీద సత్సుకి కూర్చుంటుంది. నువ్వు కాస్త విశ్రాంతి తీసుకో" అన్నాడు. ఆ వెంటనే యంత్రం వచ్చింది. రోజూ నన్ను ఆడమంటున్నాడు. నా అంకెలు వంటింటి క్యాలెండర్ మీద రాసుకుంటున్నాడు! ఇది ఆటంటే నా చెవిలో పువ్వు పెడుతున్నట్టే. ఇది పరీక్ష. ఆ గల్లా మీద నుంచి దిగితే నేను ఇంట్లో ఓ మూలన మడతపెట్టిన పరుపులా పడి ఉండాలి. అది నా వల్ల కాదు.

ఈ యంత్రం సంగతి నీకేమైనా తెలుసా?

నీ అక్క
తొమియె


తోత్తోరి,
2007 అక్టోబర్ 16

అక్కకి,

ఇక్కడ గాలి ఇసుకనంతా మోసుకొచ్చి కిటికీల మీద పోస్తోంది. పండ్లు తియ్యగా ఉన్నాయో లేదో రాయకుండా పెట్టె మీద విచారణ పెట్టావు! నువ్వు మారవు.

తెలియకేం? నేను వెళ్ళే పెద్దల కేంద్రంలో ఆ యంత్రం ఉంది. అది పరీక్షా కాదు, పాడూ కాదు. నీకు తెలుసుగా, నేను జన్మలో బంతి పట్టుకున్నదాన్ని కాను. బడిలో బంతాట అంటే కడుపునొప్పి అని ఇంటికి పారిపోయేదాన్ని. అలాంటి నేను మొదటి రోజే చెక్కలన్నీ ఒక్క దెబ్బకి పడగొట్టాను. టీవీలో జనం చప్పట్లు కొట్టారు. సిగ్గు లేకుండా ఏడ్చేశాను కూడా.

మా జట్టులో హయామి గారని ఒకాయన. ఎనభై దాటాయి, బస్సు నడిపినవాడు. బంతి వేసే ముందు ప్రతిసారీ "ఎక్కేవాళ్ళు ఎక్కండి, తలుపులు మూస్తున్నాం!" అని అరుస్తాడు. మేమిద్దరం కలిస్తే మాకు తిరుగులేదు.

ఆడే పద్ధతి ఇది. నీ వంతు రాగానే రిమోట్ కింది వైపున్న మీట నొక్కి పట్టుకో. వదలకు. చెయ్యి వెనక్కి ఊపి ముందుకు తెచ్చేటప్పుడు వేలు వదులు. అంతే, బంతి వెళ్ళిపోతుంది. కోజీని అనుమానించడం మాని హాయిగా ఆడు.

చెల్లెలు
ఫుజినో


క్యోటో,
2007 అక్టోబర్ 29

ఫుజినోకి,

పొద్దున నీళ్ళ కుండీ మూత ముట్టుకుంటే జివ్వుమంది. నీ ఉత్తరం ముట్టుకున్నా అలాగే ఉంది.

నువ్వు రాసినట్టే చేశాను, అక్షరం తప్పకుండా. వంతు రాగానే మీట నొక్కి పట్టుకున్నాను. ఏమైందనుకున్నావు? బంతి నా వెనక్కి పోయింది! టీవీలో నా వెనక నిలబడ్డ బొమ్మలన్నీ కెవ్వుమని ఎగిరి గంతేశాయి. రెండోసారి ఎడమ అంచున ఉన్న కాలవలో పడింది. మూడోసారీ ఎడమ కాలవే. సత్సుకి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని, "అత్తయ్యా, కొత్త కదా, నాలుగు రోజుల్లో అలవాటవుతుంది" అంది. ఆవిడా కొత్తే కదా! ఆవిడ బంతి బియ్యం పోసినంత సాఫీగా వెళ్ళి అన్నిటినీ పడగొడుతుంది. నా బంతి ఒక్కటే పారిపోతుంది. అందరికీ తేలికైన ఆట నాకొక్కదానికే కష్టమైతే ఎవరో కావాలని అలా అమర్చినట్టు కాదూ?

నాకు ఇంకో అనుమానం. నేర్చుకోకుండానే గెలిపించే ఆట ఏం ఆటే? గల్లా మీద కూర్చోవడం మా అత్తగారి దగ్గర ఎన్నేళ్ళు నేర్చుకున్నాను! ఎవరి సబ్బు ఏది, ఎవరికి వేడినీళ్ళు పడవు, ఎవరు ఎవరితో మాటలు మానేశారు, ఇవన్నీ మొదటి రోజే వస్తాయా? వచ్చినవాళ్ళనందరినీ గెలిపించి ఆశపెట్టే ఆటలు నాన్న పేకముక్కల రోజుల్లోనూ ఉండేవి. ఆ పూలబొమ్మల పేకముక్కలు చేసిన కంపెనీయే ఇప్పుడిది చేస్తోందట. మన ఊరిదేలే, తిట్టలేను.

ఇప్పుడు నీ సంగతి. మోకాలు నొప్పి అని నువ్వు ఏప్రిల్‌లో మీ బావ పోయిన మూడో ఏటి పూజకి రాలేదు. బంధువులంతా వచ్చారు, నీ ఆసనం ఒక్కటే ఖాళీ. అంత నొప్పి ఉన్నదానివి బౌలింగ్ ఎలా వేస్తున్నావే? అమ్మ పట్టు నడికట్టు నాకిచ్చిందని ఇంకా మనసులో పెట్టుకున్నావా? లేక ఈ బస్సు హయామి గారు ఊరు కదలనివ్వడం లేదా? డెబ్బై దాటాక జట్టు కట్టడమేమిటి? నాకు నిజం రాయి.

అక్క
తొమియె


తోత్తోరి,
2007 నవంబర్ 5

అక్కకి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. హయామి గారి గురించి తరవాత నవ్వుకుందాం. నడికట్టు నువ్వే ఉంచుకో, అది నాకు ఎప్పుడూ నప్పలేదు.

కొన్ని అడుగుతాను, కోపం తెచ్చుకోకుండా జవాబు రాయి. బంతి ఎప్పుడూ ఎడమకే పోతోందా? అన్నం తినేటప్పుడు ఎడమ చేతిలో గిన్నె ఒరిగిపోతోందా? గుమ్మం దాటేటప్పుడు ఎడమ భుజం తగులుతోందా? అద్దం ముందు నిలబడి ఒకసారి నవ్వి చూసుకో. పెదవి రెండు వైపులా ఒకేలా లేస్తోందా? ఇది ఈరోజే చెయ్యి. రేపటికి వద్దు.

నిలబడి ఆడకు. కూర్చొని మోచెయ్యి ఒళ్ళో ఆనించుకొని మణికట్టు ఒక్కటి ఇలా విదిలిస్తే చాలు, ఈ ఆటకి అంతకన్నా అక్కర్లేదు. నేను చెబుతున్నాగా.

చెల్లెలు
ఫుజినో


క్యోటో,
2007 నవంబర్ 20

ఫుజినో గారికి,

మాపుల్ ఆకులు ఎర్రబడ్డాయి. నా ముఖం వాటికంటే ఎర్రగా ఉంది.

నాకు ఉత్తరం రాసి, అది చేరకముందే నా వెనక సత్సుకికి ఫోన్ చేశావట! "మా అక్క ఎడమ పక్క అనుమానంగా ఉంది, ఆలస్యం చెయ్యకండి" అన్నావట. ఆ పిల్ల వెంటనే కోజీని కేకేసింది. కోజీ స్నానశాల పని వదిలేసి నన్ను ఆసుపత్రికి లాక్కుపోయాడు. సొరంగంలాంటి యంత్రంలో పడుకోబెట్టి దడదడ మోగించారు. వేళ్ళు లెక్కపెట్టమన్నారు, గీత మీద నడవమన్నారు, ప్రధానమంత్రి పేరు అడిగారు. ఆయన మొన్ననే మారాడు కాబట్టి కొత్త పేరూ చెప్పాను, పాత పేరూ చెప్పాను. డాక్టరు నవ్వి, "అమ్మగారూ, మీ తల నా తలకంటే శుభ్రంగా ఉంది" అన్నాడు.

ఏమీ లేదు నాకు. కానీ ఇంటికి వచ్చేసరికి గల్లా మీద సత్సుకి కూర్చొని ఉంది. "ఈ వారం మీరు పడుకోండి అత్తయ్యా" అంది. నలభై ఏళ్ళుగా నా కింద నలిగిన ఆ మెత్త మీద ఆవిడ! కళ్ళ నీళ్ళు వచ్చాయి, వేడినీళ్ళ ఆవిరి అని చెప్పాను. కోజీకి కావలసింది ఒక సాకు. అది నువ్వు పళ్ళెంలో పెట్టి అందించావు. తోడబుట్టినదానివి నువ్వా, వాళ్ళ మనిషివా?

నా చేతికీ ఏమీ లేదు, నా ఆటలోనూ తప్పు లేదు. వంతు రాగానే మీట నొక్కి పట్టుకుంటాను, నువ్వు చెప్పినట్టే. ఆ తరవాత ఎదుటి ఆటగాడికి పద్ధతిగా వంగి నమస్కారం పెడతాను, అమ్మ నేర్పినట్టే. సత్సుకి ఒక్కసారీ వంగదు. రిమోట్ పట్టుకొని బస్సు కోసం నిలబడ్డట్టు నిలబడుతుంది. మర్యాద లేనివాళ్ళ బంతి సాఫీగా పోతుంది, మర్యాద తెలిసినవాళ్ళ బంతి వెనక్కి పోతుంది. ఇదీ నీ యంత్రం న్యాయం.

ఇకపై నా ఆరోగ్యం గురించి ఎవరికీ ఫోన్ చెయ్యనక్కర్లేదు.

తొమియె


తోత్తోరి,
2007 నవంబర్ 26

అక్కా, అక్కా, అక్కా,

నన్ను తిట్టు, ఎంతైనా తిట్టు. డాక్టరు మాట చదివి ఉత్తరం గుండెకి హత్తుకున్నాను. ఆ తరవాత నమస్కారం సంగతి చదివి ఎంత నవ్వానంటే, హయామి గారు పరుగున నర్సుని పిలవబోయారు.

నీ వేళ్ళు చూసుకోవే! అమ్మ మనిద్దరినీ చాప మీద కూర్చోబెట్టి నేర్పింది గుర్తుందా? వంగేటప్పుడు వేళ్ళు దగ్గరగా, నిటారుగా చాచి తొడల మీద జార్చాలి. వేలు వంకరగా ఉంటే బెత్తం దెబ్బ. నువ్వు మీట నొక్కి పట్టుకొని వంగుతున్నావు. వంగుతూ వేళ్ళు చాచుతున్నావు. చాచగానే మీట వదులుతోంది! నువ్వు ఇంకా నేలకేసి చూస్తూ ఉండగానే బంతి ఎటు తోస్తే అటు పోతోంది. యంత్రానికి నమస్కారం తెలియదక్కా, అది వేలు ఒక్కటే చూస్తుంది. తప్పు నాది, వంతు రాగానే నొక్కమని రాశాను. ఇక్కడ ఎవరూ వంగరు, అందుకే నాకు తట్టలేదు.

ఈసారి రిమోట్ మెత్త మీద పెట్టి, వంగి, తరవాత చేతిలోకి తీసుకో. ఏమవుతుందో రాయి.

సత్సుకికి ఫోన్ చేసినందుకు క్షమించు. ఎందుకు చేశానో ఒకరోజు చెబుతాను.

చెల్లెలు
ఫుజినో


క్యోటో,
2007 డిసెంబర్ 12

ఫుజినోకి,

ముందు మంచి కబురు. రిమోట్ మెత్త మీద పెట్టాను. వంగాను. తీసుకున్నాను. ఊపాను. పదికి పది చెక్కలూ పడ్డాయి! కోజీ తింటున్న నారింజ తొన నోట్లోంచి జారిపోయింది. ఆ ఆటలో వాణ్ణి ఓడించాను. తరవాత సత్సుకినీ ఓడించాను. అవును, కొత్తవాళ్ళకి తేలికే ఈ ఆట, ఒప్పుకుంటున్నాను. పెంపకం అడ్డం రాకపోతే.

క్యాలెండర్ మీద అంకెల సంగతీ తేలింది. బజారు సంఘం ఏడాది చివర బౌలింగ్ పోటీ పెడుతోందట. మా కొట్ల వరస నుంచి ఎవరిని పంపాలా అని వాడు అందరివీ రాస్తున్నాడు. అందరివీ! వాడివి కూడా. నేను నా గడి ఒక్కటే చూసి కుమిలిపోయాను. లాటరీ కూడా నిజమే, సంఘం పెద్దే వచ్చి చెప్పాడు.

గల్లా సంగతి కూడా విను. మొన్న సత్సుకి ఊళ్ళోకి వెళితే నేనే కూర్చున్నాను. బాయిలర్ దగ్గర నుంచి కోజీ బకెట్‌తో వస్తున్నాడు. తెర తొలగించుకొని ఒగురి గారి తమ్ముడు లోపలికి వచ్చాడు. కోజీ "ఒగురి గారూ!" అని కేకపెట్టి, బకెట్ వదిలేసి గోడకి అతుక్కుపోయాడు. అందరి కాళ్ళూ తడిశాయి. నేను పైనుంచి, "ఏరా, నిన్నూ సొరంగంలో పెట్టించమంటావా?" అన్నాను. స్నానశాల స్నానశాలంతా నవ్వింది. ఆ సాయంత్రం వాడే నా మెత్త దులిపి వేశాడు. "నీకు ఓపిక ఉన్నన్నాళ్ళూ ఇది నీదే అమ్మా" అన్నాడు. గెలిచాను చెల్లీ.

ఈ ఉత్తరం ఇక్కడితో ఆపేసి ఉండాల్సింది.

కానీ నువ్వు రాసిన ఒక మాట నన్ను వదల్లేదు. "ఇక్కడ ఎవరూ వంగరు." పెద్దవాళ్ళు వంగి నమస్కారం పెట్టుకోని చోటు ఈ దేశంలో ఎక్కడుంది? నర్సు ఎందుకుంది అక్కడ? కూర్చొని మణికట్టు విదిలిస్తే చాలని నీకెలా తెలుసు? ఆ హయామి ఏం మనిషో, నిన్ను ఎలాంటి చోటికి తీసుకుపోతున్నాడో అనుకున్నాను. మీ కేంద్రానికి ఫోన్ చేసి నువ్వు ఏయే రోజుల్లో వస్తావో కనుక్కోమని సత్సుకితో అన్నాను. నీ మీద నిఘా పెట్టాను, దాచను.

ఫోన్ ఎత్తిన అమ్మాయి, "ఫుజినో గారు రావడమేమిటండీ, ఆవిడ ఇక్కడే పై అంతస్తులో ఉంటారు. ఫిబ్రవరిలో పక్షవాతం వచ్చినప్పటి నుంచీ. బౌలింగ్ రోజు మేమే చక్రాల కుర్చీలో కిందికి తెస్తాం. ఎడమ చెయ్యీ కాలూ పనిచెయ్యవు కదా, కుడి చేత్తో భలే ఆడతారు" అందట. సత్సుకి ఫోన్ పెట్టేసి నా ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

ఫిబ్రవరి! నేను ఏప్రిల్‌లో నీ ఖాళీ ఆసనం చూసి పళ్ళు కొరుక్కున్నాను. యంత్రాన్ని అనుమానించాను, కన్నకొడుకుని, కోడల్ని, పాపం ముసలి బస్సు డ్రైవర్‌ని కూడా అనుమానించాను. పండ్లు పత్రికలో చుట్టి రాకపోతే బద్ధకం అని రాశాను. ఒక్క చేత్తో ఎలా చుడతావే?

ఇరవయ్యో తారీఖు పొద్దుటి రైలుకి వస్తున్నాను. గల్లా సత్సుకికి అప్పగించాను. ఎన్నాళ్ళకని అడిగింది. తెలియదన్నాను. వద్దని రాయకు. రాసినా వస్తాను.

అక్క
తొమియె


తోత్తోరి,
2007 డిసెంబర్ 16

అక్కకి,

ఇక్కడ మంచు పడుతోంది. హయామి గారు కిటికీ దగ్గర కూర్చొని, రోడ్డు జారుతోంది, మీ అక్కని బస్సు వద్దనండి, టాక్సీ ఎక్కమనండి అంటున్నారు.

చెబితే గల్లా దిగి వచ్చేస్తావని చెప్పలేదు. చూడు, దిగి వస్తున్నావు. ఆ మెత్త కోసం నువ్వు ఎంత పోరాడావో నీ ఉత్తరాల్లోనే చదివాను. కొత్త సంవత్సరం చూసుకొని వెనక్కి వెళ్ళిపోవాలి నువ్వు. ఒప్పుకుంటేనే రా.

సత్సుకికి ఎందుకు ఫోన్ చేశానో ఇప్పుడు తెలిసిందిగా. నాకు మొదట గిన్నె ఎడమకి ఒరిగింది. నేను రేపు చూద్దాంలే అనుకొని పడుకున్నాను. నీ బంతి ఎడమకి పోతోందని చదవగానే నన్ను ఫోన్ దగ్గరికి తీసుకెళ్ళమన్నాను.

నేర్చుకోకుండానే గెలిపించే ఆట ఏం ఆటని అడిగావు. ఫిబ్రవరి నుంచి నేను అన్నిటికీ కొత్తదాన్నే అక్కా. చెంచాకి, చొక్కా గుండీకి, మంచం దిగడానికి కూడా. మొదటి రోజున ఏదీ నన్ను గెలవనివ్వలేదు, గుండీ అయితే ఇప్పటికీ గెలవనివ్వదు. ఈ ఆట ఒక్కటే గెలవనిచ్చింది. అందుకే ఏడ్చాను ఆ రోజు.

ఒక్క సంగతి గుర్తుపెట్టుకో. గుమ్మంలో నన్ను చూడగానే వంగకు. లేచి తిరిగి వంగడం నా వల్ల కాదు, నువ్వు వంగి ఉంటే నేను కూర్చొని చూడలేను. నేరుగా లోపలికి వచ్చి నా కుడి పక్కన కూర్చో. ఎడమ పక్క కూర్చున్నావంటే, నువ్వు చెయ్యి పట్టుకున్నా నాకు తెలియదు.

చెల్లెలు
ఫుజినో